తలుపు మూయక ముందు వేసిన స్విచ్

మా ఫ్యాక్టరీలో అన్నిటికంటే చల్లటి చోటు ఒక ఇనప పెట్టె. బీరువా అంత ఎత్తుంటుంది. తలుపు మాత్రం బీరువా తలుపుకి అయిదింతల మందం. లోపల మైనస్ నలభై డిగ్రీల దాకా చలి పుట్టించవచ్చు. తలుపుకి ఒక గాజు కిటికీ, పక్క గోడకి తీగలు దూర్చడానికి పిడికిలి పట్టేంత కన్నం, దానికి రబ్బరు బిరడా. ఢిల్లీ పక్కన మానేసర్‌లో ఆ పెట్టె ఎదురుగా స్టూలు వేసుకుని పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఢిల్లీలో ఉద్యోగం అంటే మా చుట్టాలందరి దృష్టిలో ఏదో కేంద్ర ప్రభుత్వ భవనంలో ఫైళ్ల మీద సంతకాలు పెట్టడమే. నేను పెట్టిందీ సంతకాలే. ‘మైనస్ ముప్ఫైలో ఎనిమిది గంటలు పనిచేసింది, పాస్’ అని రాసి కింద నా సంతకం గీకేవాణ్ణి. అది లేకుండా మా సరుకు గేటు దాటేది కాదు. ఆ సంతకం చూసుకుని నాకు మహా గీర ఉండేది.

మేం చేసేవి వాతావరణం కొలిచే పెట్టెలు. మంచు కొండల్లో, శీతాకాలం మనుషులు నిలవలేని మలుపుల దగ్గర, స్తంభాలకి బిగిస్తారు. చలి ఎంత, గాలి ఎంత, మంచు ఎంత పడిందీ కొలిచి కిందికి కబురు పంపుతాయి. అందులో బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులు. లోపలి చిప్పులు తట్టుకునేది అయిదే. పన్నెండుని అయిదుకి దించి, ఆ అయిదు అటూ ఇటూ కదలకుండా పట్టి ఉంచే గోరంత ముక్క పేరు వోల్టేజ్ రెగ్యులేటర్. దాని పక్కనే ఒక చిన్న డబ్బాలాంటి కెపాసిటర్ ఉంటుంది. వంటింట్లో కుళాయి పక్కన బిందె ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ధార కాస్త తగ్గినా పెరిగినా బిందె సర్దుకుంటుంది, వాడేవాళ్ళకి తేడా తెలియదు.

ఈ ముక్కల్ని సర్క్యూట్ బోర్డు మీద చేత్తో టంకం పెట్టేది అక్క. ఫ్లోర్ మీద అందరూ ‘దీదీ’ అంటారు. మా ఇద్దరికీ తెలుగు కలిసింది కాబట్టి నాకు మాత్రం అక్క. కృష్ణా జిల్లా మనిషి. భర్తకి ఇక్కడ ఒక ఆస్పత్రిలో వార్డు ఉద్యోగం దొరికితే పెళ్ళైన కొత్తలో వచ్చి ఉండిపోయింది. భూతద్దం దీపం కింద తల వంచుకుని, పెదవులు లోపలికి మడుచుకుని, ముక్కకున్న ఒక్కో తీగ కాలికీ రెండు సెకన్లు. ఆవిడ పెట్టిన టంకం చుక్క ప్రతిదీ ఒకే తీరుగా, మెరుస్తూ, అడుగున కాస్త వెడల్పుగా ఉండేది. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జనవరి ఆఖరున కాగితం మీద మళ్ళీ సంతకం చేయించుకునేవాళ్ళు. పదకొండేళ్లుగా అదొక లాంఛనం, అంతే.

ఆ ఏడు డిసెంబరులో కొండల మీద నుంచి ఫిర్యాదు వచ్చింది. మూడు పెట్టెలు తెల్లవారుజామున మొరాయిస్తున్నాయి. ఎండెక్కాక, పది పదకొండు ప్రాంతంలో, ఏమీ ఎరగనట్టు లేచి కబుర్లు పంపుతున్నాయి. వాటిని ఊడదీసి మాకు పంపించారు. నేను మూడింటినీ చల్లపెట్టెలో పెట్టి మైనస్ ముప్ఫైలో ఎనిమిది గంటలు ఉంచాను. మూడూ పనిచేశాయి. మర్నాడు మళ్ళీ పెట్టాను, మళ్ళీ పనిచేశాయి. మూడో రోజూ అంతే అయ్యేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆస్పత్రి మెట్లెక్కగానే నొప్పి తగ్గిందనే రోగుల్ని చూసినప్పుడు డాక్టర్లకి ఎలా ఉంటుందో నాకలాగే ఉంది.

ఇక్కడ నా పద్ధతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి బోర్డుని పెట్టెలో పెట్టి, తలుపు మూసి, చల్లబరిచి, అప్పుడు స్విచ్ వేస్తే దీపం వెలగలేదు. చలికి చచ్చిందనుకుని రోజంతా కుస్తీ పట్టాను. తీరా తలుపు తీసి చూస్తే తీగ సరిగ్గా గుచ్చలేదు. అప్పటి పెద్దాయన పదిమందిలో, “ఆంధ్రా సే ఆయా హై, స్విచ్ ఔర్ దీవార్ మే ఫరక్ నహీ జాన్తా” అన్నాడు. స్విచ్చికీ గోడకీ తేడా తెలియదట నాకు. కటవారియా సరాయ్ అద్దెగదిలో ఆ మాట తల్చుకుని ఎన్ని రోజులు పళ్ళు నూరుకున్నానో. అప్పటినుంచి ముందు స్విచ్ వేసి, పచ్చ దీపం కళ్ళారా చూసి, ఆ తర్వాతే తలుపు మూసేవాణ్ణి. నాకు సీనియారిటీ వచ్చాక పరీక్ష విధానం రాసే పని కూడా నాకే అప్పగించారు. అందులో మూడో అంశం: స్విచ్ వేసి పచ్చ దీపం చూడవలెను. నాలుగో అంశం: తలుపు మూయవలెను. నా తర్వాత వచ్చినవాళ్ళంతా దాన్నే నేర్చుకున్నారు.

మూడు పరీక్షల్లోనూ తప్పు దొరక్కపోయేసరికి మా మేనేజర్ స్వయంగా వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్న. చెడ్డవాడేం కాదు. ఏ గొడవైనా శుక్రవారంలోపు ముగిసిపోవాలనుకునే రకం, అంతే. ఒక బోర్డు తీసుకుని భూతద్దం కింద తిప్పితిప్పి చూసి, రెగ్యులేటర్ కాలు దగ్గర ఒక టంకం చుక్క కొంచెం బూడిదరంగుగా ఉందన్నాడు. ఉన్నమాట నిజమే. కొండల మీద నెలల తరబడి ఎండకీ మంచుకీ ఉన్న బోర్డు, కాస్త రంగు తగ్గదూ? “డ్రై సోల్డర్. బస్,” అన్నాడు. టంకం సరిగా పట్టలేదు, అంతేనట. చలికి టంకం బిగుసుకుని బీటవారుతుంది, ఎండకి అతుక్కుంటుంది, కథ సరిపోయింది. ఆ కాలికి మళ్ళీ టంకం వేయించి పరీక్ష చేయమన్నాడు. చేశాను. పాసయింది. పాసవక ఏమవుతుంది, అంతకుముందూ మూడుసార్లు పాసయిందేగా. ఆ ముక్క ఆయనతో అనలేదు.

కొనుగోలుదారుకి పంపే రిపోర్టులో నాలుగు గళ్ళుంటాయి. మనిషి, యంత్రం, పద్ధతి, సామాను. తప్పు ఎక్కడుందో ఒక గడిలో టిక్కు పెట్టాలి. యంత్రం అంటే దాన్ని మార్చాలి. సామాను అంటే సరుకంతా వెనక్కి తెప్పించాలి. పద్ధతి అంటే ఇప్పటిదాకా ఇచ్చిన సర్టిఫికెట్లన్నీ గంగలో కలిసినట్టే. మనిషి అంటే ఆ మనిషిని అక్కణ్ణుంచి తప్పించి, తప్పించాం అని రాస్తే సరి. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా? కొత్తగా చేరిన ఇంజనీర్లకి ఆ కిటుకు నవ్వుతూ నేర్పింది నేనే. అలాగే ఈ రిపోర్టులోనూ మనిషి గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. తీసుకున్న చర్య అన్నచోట మేనేజర్ రాసింది, ‘సంబంధిత ఆపరేటర్ కాంట్రాక్టు పొడిగించబడదు’ అని. నేను సంతకం చేసేటప్పుడు ఆ గడి ఖాళీగా ఉంది. నిండి ఉంటే చేసేవాణ్ణి కాదని చెప్పుకోవాలని ఉంది గానీ, ఆ మాట నేనే నమ్మను.

ఫ్లోర్ మీద ఏ కబురైనా టీ చల్లారేలోపు తెలిసిపోతుంది. మర్నాడు పొద్దున వ్యాన్‌లో అక్క ఆ సంగతే ఎత్తింది. మా వ్యాన్ ధౌలా కువాన్‌లో బయల్దేరుతుంది. అక్క అక్కడే ఎక్కి పక్క సీటు మీద తన సంచి పెట్టి ఉంచేది. నేను వసంత్ కుంజ్ నుంచి ఆటోలో మహిపాల్‌పూర్ దాకా వచ్చి ఎక్కేవాణ్ణి. జనవరిలో ఆ రోడ్డు మీద పొగా మంచూ కలిసి ముందు బండి వెనక దీపాలు తప్ప మరేమీ కనిపించవు. అద్దాలు బిగించి కూర్చుంటే గంట, గంటన్నర, ఒక్కోసారి రెండు. దిగి నడుద్దామన్నా నడిచే చోటు కాదు.

“సారూ, నా టంకం ఎక్కడ తప్పిందో ఒక్కసారి చూపించండి,” అంది. “ఈ ఏడు ఉంచుతారో లేదో అది వాళ్ళిష్టం. తప్పేంటో తెలిస్తే దిద్దుకుంటాను కదా.”

నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. ఏడ్చినా సర్దిచెప్పేవాణ్ణి. ఆవిడ నేర్చుకుంటానంటోంది. బూడిదరంగు గురించి ఏదో చెప్పాను. టంకం పెట్టే ఇనుము వేడి చాలకపోయి ఉంటుందన్నాను. ఆవిడ బుద్ధిగా తలూపింది. అప్పటికి నాకూ నిజం తెలియదు, అది మాత్రం ఖాయం. కానీ అనుమానం ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రోజు మానేసర్ వచ్చేదాకా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిజం రెండు రోజుల తర్వాత తెలిసింది. అది నా తెలివి కాదు. మనసులో పీకుతుంటే తిరిగొచ్చిన బోర్డుల్లో మేనేజర్ ముట్టుకోనిదాన్ని ఒకదాన్ని మళ్ళీ చల్లపెట్టెలో పెట్టాను. యథావిధిగా స్విచ్, పచ్చ దీపం, తలుపు. మధ్యాహ్నానికి మైనస్ ముప్ఫైకి దిగింది. అప్పుడు కరెంటు పోయింది. మామూలుగా అయితే నిమిషంలో జనరేటర్ అందుకుంటుంది. ఆ వారం ఊళ్ళో గాలి మరీ పాడైపోయి డీజిల్ జనరేటర్లు నడపకూడదని ఆంక్ష పెట్టారు. ఫ్లోరంతా చీకటైపోతే అందరూ ఎండ వెతుక్కుంటూ బయటికి పోయారు. నేను స్టూలు మీదే కూర్చున్నాను. పెట్టె తలుపు మందం కదా, కరెంటు లేకపోయినా లోపలి చలి అంత తొందరగా ఎక్కడికీ పోదు. ముప్పావుగంటకి కరెంటు వచ్చింది. బోర్డుకి పన్నెండు వోల్టులిచ్చే సప్లై మాత్రం తనంతట తాను మొదలుకాదు, బొత్తాం నొక్కాలి. తలుపు తీయకుండానే నొక్కాను.

గాజు కిటికీలోంచి చూస్తే పచ్చ దీపం వెలిగింది, ఆరింది, వెలిగింది, ఆరింది. పక్కన వోల్టుల్ని గీతగా చూపించే ఆసిలోస్కోప్ తెర మీద అయిదు వోల్టుల గీత ఉండాలి. సన్నగా, తిన్నగా. అది గొంగళిపురుగులా లావెక్కి ఉంది. రెగ్యులేటర్ నిలవలేక పైకీ కిందికీ ఊగిపోతోంది. ఆ ఊగుడికి చిప్పు తట్టుకోలేక ప్రతి రెండు సెకన్లకీ మళ్ళీ మొదటినుంచి లేస్తోంది. కొండల మీద తెల్లవారుజామున ఏమవుతోందో అదే నా కళ్ళెదుట అవుతోంది.

మొదటి నిమిషం సంతోషమే కలిగింది, దాచుకోవడమెందుకు. రెండో నిమిషంలో మూడో అంశం గుర్తొచ్చింది.

స్విచ్ వేసి తలుపు మూస్తే రెగ్యులేటర్ తన పని తాను చేస్తూ వేడెక్కుతుంది. పన్నెండులో అయిదు పోను మిగతా ఏడూ వేడిగానే పోవాలి కదా. ఆ వేడి పక్కనున్న కెపాసిటర్‌ని కాచుకుని ఉంటుంది. బయట మైనస్ ముప్ఫై ఉన్నా దానికి కుంపటి పక్కన కూర్చున్నట్టే. కొండల మీద అలా కాదు. బ్యాటరీ కలిసి రావాలని రాత్రి పెట్టె తనంతట తానే ఆరిపోతుంది, తెల్లవారుజామున లేస్తుంది. అప్పటికి కెపాసిటర్ లోపలి ద్రవం గడ్డకట్టిన నెయ్యిలా అయిపోయి, బిందె ఉన్నా లేనట్టే. ఆరిపోయి చల్లబడిన బోర్డుని లేపి చూడటం అనే పరీక్ష పంతొమ్మిదేళ్లలో నేను ఒక్కసారీ చేయలేదు. ఎవర్నీ చేయనివ్వలేదు. రాత్రి అది ఆరిపోతుందని నాకు తెలియదా అంటే, తెలుసు. ఆ సంగతి రాసి కొనుగోలుదారు పంపిన కాగితం నా సొరుగులోనే ఉంది.

మర్నాడు బల్ల మీద నిర్ధారణ చేసుకున్నాను. చల్లబరిచే స్ప్రే ఉంటుంది, సన్నటి గొట్టంతో కావాల్సిన ముక్క మీదే కొట్టవచ్చు. బూడిదరంగు టంకం మీద కొట్టాను, గీత కదల్లేదు. కెపాసిటర్ మీద కొట్టాను, గీత లావెక్కింది. వేలితో కాసేపు పట్టుకుంటే సన్నబడింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ లావెక్కింది. లోపల ద్రవం లేని వేరే రకం కెపాసిటర్ స్టోర్‌లో ఉంటే తెచ్చి, పాతది తీసి అది వేయమని అక్కకే ఇచ్చాను. ఎందుకని ఆవిడ అడగలేదు. వేసి ఇచ్చింది. స్ప్రే డబ్బా అయిపోయేదాకా కొట్టినా గీత తిన్నగానే ఉంది. బోర్డు తీసుకుని ఆవిడ బల్ల ముందు నుంచే నా గదికి వెళ్ళిపోయాను.

మేనేజర్‌కి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. తెర మీద గీత చూశాడు, కెపాసిటర్ మార్చాలని ఒప్పుకున్నాడు. “రాబోయే సరుకులో మార్చేద్దాం. రిపోర్టుని మాత్రం కదిలించకండి సర్ జీ,” అన్నాడు. రిపోర్టు వెళ్ళిపోయింది, కొనుగోలుదారు ఒప్పుకున్నాడట. ఇప్పుడు పద్ధతి తప్పని రాస్తే నేను సంతకం పెట్టిన ప్రతి సర్టిఫికెట్టూ బయటికి తీస్తారట. మరి దీదీ సంగతేమిటని అడిగాను. ఆవిడకి వేరే ఎక్కడైనా దొరుకుతుందిలెమ్మన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, మూడో అంశం ఎవరు రాశారో తనకి తెలుసన్నాడు. బెదిరింపుగా అనలేదు. నా మంచి కోరే అన్నాడు, అదే వచ్చిన చిక్కు.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ జనవరి నాకు అదే. నోరు విప్పితే పంతొమ్మిదేళ్ల సంతకం పోతుంది. విప్పకపోతే అక్క ఉద్యోగం పోతుంది. ఈ రెండింటికీ మధ్య రోజూ పొద్దునా సాయంత్రమూ ఆ వ్యాన్. అద్దాలు మూసి, హీటర్ లేక అందరి ఊపిరీ అద్దాల మీద చెమ్మై కారుతుంటే, భుజం భుజం తగిలేంత దగ్గరగా అక్క. నిద్ర నటించేవాణ్ణి. ఫోన్ చెవిలో పెట్టుకునేవాణ్ణి. ఒకరోజు జ్వరమని మానేశాను. ఇంట్లో కూర్చున్నా అదే బరువు. మా అమ్మాయి హిందీలో ఏదో అడిగితే అకారణంగా కసిరాను. అది బిత్తరపోయి తెలుగులో సమాధానం చెప్పింది, ఎప్పుడూ చెప్పనిది. మర్నాడు మళ్ళీ వ్యాన్.

ఆవిడ మాట్లాడుతూనే ఉండేది. ఆదివారం చర్చిలో తన చూపు గురించి ప్రార్థన చేయించానంది. భర్తకి ఇంకా చెప్పలేదట, కాంట్రాక్టు సంగతి. జనవరి ఆఖరున సంతకానికి పిలిస్తే పిలుస్తారు, లేకపోతే అప్పుడు చెబుతానంది. ఏ పత్రికలోనో చూసిందట, కళ్ళకి మునగాకు మంచిదని, మునగాకు వేపుడు డబ్బాలో తెచ్చి నాకూ పెట్టింది. తిన్నాను. కక్కలేక మింగలేక అనే మాటకి అర్థం అంతకుముందు నాకు పుస్తకాల్లోనే తెలుసు.

చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ముందు రిపోర్టు సంగతి తేల్చి చెబుదామని ఒకసారి, పొగ తగ్గాక తీరిగ్గా చెబుదామని ఒకసారి. పొగ తగ్గడానికీ దీనికీ ఏమిటి సంబంధం? పిరికివాడికి పంచాంగం నిండా వర్జ్యమే.

చివరికి నన్ను కదిలించింది మంచితనం కాదు. జనవరి నాలుగో వారంలో కొత్త బోర్డులు పరీక్షకి వచ్చాయి. ఒకదాంట్లో దీపం వెలగలేదు. భూతద్దం కింద పెట్టి చూస్తే ఒక టంకం చుక్క కాలిపోయి, దాని కిందున్న రాగి పొర బోర్డు నుంచి లేచిపోయి ఉంది. ఒక్కసారి వేసి వదిలేయాల్సిన చోట మూడు నాలుగుసార్లు ఇనుము ఆనిస్తే అలా అవుతుంది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే. ఆవిడ తన టంకాన్ని తనే నమ్మలేక వేసినదాన్నే మళ్ళీ వేస్తోంది. మేం రాసిన అబద్ధం మూడు వారాల్లో నిజమైపోతోంది. ఇంకొన్ని రోజులు ఊరుకుంటే రిపోర్టులో తప్పే ఉండదు.

ఆ బోర్డు చేతిలో పట్టుకుని నాకు నిజంగా భయం వేసింది. ఆ మధ్యాహ్నమే కూర్చుని కొత్త రిపోర్టు రాశాను. సామాను గడిలో ఒక టిక్కు, పద్ధతి గడిలో ఒక టిక్కు. పరీక్ష విధానంలో మూడో అంశం లోపభూయిష్టం, దాన్ని రూపొందించినది, ధ్రువీకరించినది నేను. ఆపరేటర్ పనిలో లోపం లేదు. మేనేజర్ దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత, తను దీన్ని ఆపలేడనీ, ఇకనుంచి సర్టిఫికెట్ల మీద నా సంతకం ఉండదనీ చెప్పాడు. ఆ మాత్రం చేయకపోతే కొనుగోలుదారు ఊరుకోడట. సరేనన్నాను. కాంట్రాక్టు జాబితాలో అక్క పేరు మళ్ళీ చేర్చారని సాయంత్రం కళ్ళతో చూసి, అప్పుడు బయల్దేరాను. ఆవిడ అప్పటికే వేరే వ్యాన్‌లో వెళ్ళిపోయింది. ఇల్లు చేరేసరికి నా ఒళ్ళు తేలికైంది. సంతకం పోయిందన్న బాధ కంటే, రేపు అక్కకి చెప్పవచ్చన్న సంబరమే ఎక్కువైంది. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

మర్నాడు వ్యాన్ ఎక్కి కూర్చుంటూనే చెప్పేశాను. తప్పు టంకానిది కాదు అక్కా, కెపాసిటర్‌ది. దాన్ని పట్టుకోలేకపోయిన పరీక్ష నాది. రిపోర్టు మార్చాను, నీ కాంట్రాక్టు నిలబడింది. మూడో అంశం, పచ్చ దీపం, అన్నీ విడమరిచి చెప్పాను. నా సంతకం తీసేశారని కూడా చెప్పాను, అది చెప్పకపోయినా సరిపోయేది. ఆవిడ కళ్ళు మూసుకుని ప్రభువుకి స్తోత్రం అనుకుంది. తర్వాత నాకేసి తిరిగింది.

“ఎప్పుడు తెలిసింది సారూ మీకు?”

నిన్న అని ఉండవచ్చు. ఆవిడ నమ్మేది. నాకు అబద్ధం నోటిదాకా వచ్చింది కూడా.

“కరెంటు పోయిన రోజు.”

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పద్దెనిమిది రోజులు. “అంటే నేను కంటాసుపత్రికి వెళ్ళి వచ్చిన రోజుకి మీకు తెలుసు,” అంది.

ఇది నేను పైన రాయలేదు. రాయకుండానే గడుస్తుందేమోనని చూశాను. కరెంటు పోయిన వారానికి ఆవిడ ఒకరోజు సెలవు పెట్టి కళ్ళు చూపించుకుంది. మర్నాడు వ్యాన్‌లో చెప్పింది, కళ్ళకేమీ లేదన్నారు, అద్దాల నెంబరు కూడా మారలేదు, మరి తప్పెక్కడిది సారూ అని. అప్పటికి నాకంతా తెలుసు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, వయసు కదా అక్కా, చెయ్యి వణుకుతుంది అన్నాను. ఆ రోజు నుంచే ఆవిడ కుడి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని టంకం వేయడం మొదలుపెట్టింది. ఒక చేత్తో టంకం తీగ పట్టుకుని, ఒక చేత్తో ఇనుము పట్టుకుని చేయాల్సిన పని అది. తీగకి చెయ్యి చాలక, వేసినచోటే మళ్ళీ మళ్ళీ వేసింది. రాగి పొర లేచింది అందుకే.

“తెలుసక్కా,” అన్నాను.

“చెయ్యి వణుకుతుందన్నారు.”

“అన్నాను.”

ఆవిడ తన కుడి చెయ్యి ముందుకు చాపి చూసుకుంది. తిట్టలేదు. “వణకడం లేదు సారూ. అప్పుడూ లేదు. మీరన్నారు కదా అని పట్టుకున్నాను,” అంది మెల్లిగా, నాకేదో సంజాయిషీ ఇస్తున్నట్టు. తర్వాత కిటికీ వైపు తిరిగింది. అద్దం మీద చెమ్మ తప్ప బయట ఏమీ లేదు. ముందు ఎక్కడో లారీ అడ్డం పడిందని డ్రైవర్ చెప్పాడు. వెనక బండ్లు, పక్కన బండ్లు. మేమిద్దరం ఆ సీటు మీద ఇంకో గంటన్నర అలాగే కూర్చున్నాం.